రిటర్ను వేసే ముందు: ఏ విధానం, ఏ ఫారం, ఎవరి చేత?

జూలై దగ్గరపడితే ఆఫీసు క్యాంటీన్‌లోనైనా, కొట్టు అరుగు మీదైనా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: పాత పన్ను విధానం మంచిదా, కొత్తది మంచిదా? ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్తారు. చెప్పేవాళ్ల జీతం వేరు, వాళ్ల ఇంటి అప్పు వేరు, వాళ్లు కట్టే అద్దె వేరు. వాళ్లకు లాభించిన లెక్క మనకూ లాభించాలని ఏమీ లేదు.

నన్నడిగితే అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. రిటర్ను విషయంలో తీసుకునే నిర్ణయాల్లో కొన్నిటిని నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. మరికొన్ని ఒకసారి తీసుకుంటే ఏళ్ల తరబడి మనల్ని కట్టేస్తాయి. మార్చుకోగలిగేవాటి మీద జనం గంటలకొద్దీ వాదించుకుంటారు. కట్టేసేవి మాత్రం ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గడిలో టిక్కు పెట్టేసరికి తేలిపోతుంటాయి. ఏది ఏ రకమో తెలిస్తే ఎక్కడ ఎంత ఆలోచించాలో తెలుస్తుంది.

ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. అంటే 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా సంపాదించిన డబ్బుకు సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, ఈ ఆదాయానికి మాత్రం 1961 చట్టమే వర్తిస్తుంది. అందుకే సెక్షన్ల నంబర్లు మనకు అలవాటైన పాతవే వాడాను.

ముందు మీ ఆదాయం ఏ రకమో చూడండి

జీతం, బ్యాంకు వడ్డీ, ఒక సొంతిల్లు, మొత్తం ఆదాయం 50 లక్షల లోపు. ఇంతే అయితే ఆదాయపు పన్ను రిటర్ను ఫారాల్లో అన్నిటికన్నా సులువైన ఐటీఆర్-1 చాలు. లిస్టెడ్ షేర్ల మీద, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభం 1.25 లక్షల దాకా ఉన్నా అందులోనే చూపించవచ్చు. చాలామంది ఉద్యోగుల పని ఇక్కడితో అయిపోతుంది.

అయితే మనవాళ్లు తరచూ తప్పు ఫారంలోకి వెళ్లిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది పొలం. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో తాతల నాటి మూడెకరాలు కౌలుకిచ్చి ఏటా వచ్చే డబ్బు: ఇది ఎంతో మంది కథ. కౌలు డబ్బు కూడా వ్యవసాయ ఆదాయమే, దానికి నేరుగా పన్ను లేదు. అయితే అది ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా ఆ డబ్బు మీద పన్ను లేకపోయినా మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు దాన్ని కలిపి లెక్కిస్తారు. కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 14 లక్షలు ఉన్న ఉద్యోగికి 60,000 కౌలు వస్తే, ఆయన పన్ను 90,000 నుంచి 96,000కి పెరుగుతుంది, సెస్సు (పన్ను మీద పడే చిన్న అదనపు వసూలు) వేరే. "వ్యవసాయానికి పన్ను లేదుగా" అని ఆ గడిని ఖాళీగా వదిలేయడం సరికాదు.

రెండోది ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే షేర్ల రేపటి ధర మీద కుదుర్చుకునే కాంట్రాక్టులు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని సరదాగా నాలుగు ఆప్షన్లు కొని 20,000 పోగొట్టుకున్న ఉద్యోగి కూడా చట్టం దృష్టిలో వ్యాపార ఆదాయం ఉన్న మనిషే. నష్టమే కదా అని వదిలేయకూడదు. ఐటీఆర్-3 వేయాలి. గడువు లోపు వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. అదే రోజు కొని అదే రోజు అమ్మే ఇంట్రాడే నష్టమైతే 4 ఏళ్లే. ఈ ట్రేడింగు వల్ల ఇంకో పెద్ద చిక్కు కూడా ఉంది. అది పాత, కొత్త విధానాల దగ్గర చెప్తాను.

మూడోది, కంపెనీ ఇచ్చిన విదేశీ షేర్లు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అమెరికా కంపెనీల షేర్లు చేతికొచ్చినవాళ్లు బోలెడుమంది. అవి అమ్మకపోయినా, ఒక్క షేరే ఉన్నా ఐటీఆర్-1, ఐటీఆర్-4 వాడకూడదు. ఐటీఆర్-2 గానీ, వ్యాపారం ఉంటే ఐటీఆర్-3 గానీ వేసి, విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. ఆ షెడ్యూలు ఆర్థిక సంవత్సరం ప్రకారం ఉండదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్కలో నింపాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడే అవకాశం ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబర్ నుంచి ఈ జరిమానా నుంచి ఊరట ఇచ్చారు. అలాగని చూపించే బాధ్యత తప్పిపోలేదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడ అద్దె, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇక్కడి ఆదాయం దాచుకునే ఎన్‌ఆర్‌ఐ బ్యాంకు ఖాతా) వడ్డీ వచ్చే ఎన్‌ఆర్‌ఐలకు ఐటీఆర్-1 లేదు. కింద చెప్పబోయే 12 లక్షల రిబేటు (పన్ను మాఫీ) కూడా వాళ్లకు రాదు. ఊళ్లో నాన్నగారి రిటర్ను వేసే ఆయన చేతే తమదీ వేయించుకునేవాళ్లు ఈ రెండూ గుర్తు పెట్టుకోవాలి.

పాత విధానమా, కొత్త విధానమా

ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. అందులో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆపైన 30 శాతం. పన్ను పడే ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. ఉద్యోగులకు జీతంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా కట్టాల్సింది ఏమీ లేదు. ఈ పరిమితిని కొంచెం దాటినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. పన్ను పడే ఆదాయం 12.10 లక్షలైతే మామూలు లెక్కలో 61,500 రావాలి గానీ, దాటింది 10,000 కాబట్టి పన్ను 10,000కే పరిమితం చేస్తారు. అయితే షేర్లు అమ్మగా వచ్చి ప్రత్యేక రేటు పడే లాభాల మీద ఈ రిబేటు లేదు. "12 లక్షల లోపేగా" అనుకుని షేర్ల లాభం మీద పన్ను కట్టకుండా వదిలేస్తే నోటీసు వస్తుంది.

పాత విధానంలో 2.5 లక్షల దాకా పన్ను లేదు. 60 దాటినవాళ్లకు 3 లక్షలు, 80 దాటినవాళ్లకు 5 లక్షలు. ఆ పైన 5 లక్షల దాకా 5 శాతం, 10 లక్షల దాకా 20, తర్వాత 30. రేట్లు గట్టివే. బదులుగా ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ), 80సీ కింద పీఎఫ్, జీవిత బీమా, ఇంటి అప్పు అసలు లాంటివాటికి 1.5 లక్షలు, ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)కి అదనంగా 50,000, ఆరోగ్య బీమా, సొంతింటి అప్పు వడ్డీ 2 లక్షలు, వృత్తి పన్ను, ఇలా తగ్గించుకోగలిగేవి ఎక్కువ.

12.75 లక్షల లోపు జీతం ఉన్నవాళ్లు ఇక ఆలోచించే పనే లేదు, కొత్తదే. పాత దానిలో సున్నా పన్ను రావాలంటే ఆదాయాన్ని 5 లక్షలకు దించాలి. అంటే 12.75 లక్షల్లో 7.75 లక్షల మినహాయింపులు చూపాలి. నిజాయతీగా అంత చూపగలిగేవాళ్లు ఆ జీతంలో చాలా అరుదు.

అసలు లెక్క దానికి పైనే మొదలవుతుంది. జీతం 15 లక్షలైతే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా సుమారు 5.44 లక్షల మినహాయింపులు దాటితేనే పాతది లాభం. 20 లక్షలైతే 7.08 లక్షలు దాటాలి. 24.75 లక్షలూ ఆపైనైతే 8 లక్షలు దాటాలి. ఈ మూడు అంకెలు గుర్తుంటే సగం వాదనలు అక్కడే ముగుస్తాయి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జీతం 15 లక్షలు, అందులో బేసిక్ 6 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 2.4 లక్షలు. గుంటూరులో అప్పు మీద కట్టిన ఇంట్లో అమ్మానాన్నలు ఉంటున్నారు, ఈయన హైదరాబాద్‌లో నెలకు 20,000 అద్దె కడుతున్నాడు. 80సీ పూర్తిగా నిండింది: పీఎఫ్‌కే 72,000 పోతుంది, మిగతాది ఇంటి అప్పు అసలు. ఎన్‌పీఎస్ 50,000, బీమా 25,000, ఇంటి వడ్డీ 2 లక్షలు, వృత్తి పన్ను 2,400.

కొత్త విధానంలో ఈయన పన్ను సెస్సుతో కలిపి 97,500. పాత దానిలో అద్దె సంగతి పక్కన పెట్టి లెక్కేస్తే సుమారు 1,24,050 వస్తుంది. అంటే 80సీ, ఎన్‌పీఎస్, బీమా, ఇంటి వడ్డీ అన్నీ నిండా వాడుకున్నా కొత్తదే దాదాపు 26,500 చవక. ఇప్పుడు అద్దె కలపండి. కట్టిన అద్దె 2.4 లక్షల్లోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే 1.8 లక్షలు మినహాయింపు. అప్పుడు పాత విధానంలో పన్ను సుమారు 84,260కి దిగుతుంది. ఇప్పుడు పాతదే 13,000 పైచిలుకు లాభం.

చూశారుగా, తేల్చింది అద్దె. జీతం మధ్యస్థంగా ఉన్నవాళ్లలో అద్దె, ఇంటి అప్పు రెండూ నిజంగా ఉన్నవాళ్లకే పాత విధానం ఇంకా పనికొస్తోందని నా అభిప్రాయం. రెండిట్లో ఒకటే ఉంటే చాలావరకు కొత్తదే గెలుస్తుంది. హైదరాబాద్‌కి ఈ సంవత్సరపు లెక్కలో హెచ్‌ఆర్‌ఏ పరిమితి బేసిక్‌లో 40 శాతమే. చెన్నై, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాలకే 50 శాతం. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఇవ్వాలి. అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటూ వాళ్లకు అద్దె కట్టడం తప్పు కాదు. డబ్బు నిజంగా బ్యాంకు ద్వారా వాళ్ల ఖాతాలోకి వెళ్లాలి, వాళ్లు దాన్ని తమ ఆదాయంగా చూపాలి.

పాత విధానంలో ఉండటం కోసం మార్చి నెలాఖరున హడావుడిగా పాలసీలు కొనడం చూస్తే బాధేస్తుంది. అదే 15 లక్షల జీతంలో 80సీ ఇంకా నిండని మనిషికి 20 శాతం శ్లాబులో 30,000 ప్రీమియం కట్టడం వల్ల మిగిలేది 6,240. ఆ పాలసీకి ఇరవై ఏళ్లు కడుతూనే ఉండాలి. విధానాన్ని వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, పాలసీని అంత తేలిగ్గా వదిలించుకోలేం. బీమా అవసరమైతే కొనండి, పన్ను కోసం మాత్రం వద్దు.

కొత్త విధానంలోనూ ఒక మంచి వెసులుబాటు ఉంది, చాలామంది అడగరు. కంపెనీ మీ ఎన్‌పీఎస్ ఖాతాలో తన వాటాగా వేసే డబ్బు బేసిక్, డీఏలలో 14 శాతం దాకా పన్ను లేకుండా పోతుంది. పై ఉదాహరణలో బేసిక్ 6 లక్షలకు అది 84,000. పన్నులో మిగిలేది 13,104. జీతం నిర్మాణంలో దీన్ని చేర్చడానికి వీలుందా అని హెచ్‌ఆర్ వాళ్లని ఏప్రిల్‌లోనే అడగండి. ఆ డబ్బు రిటైర్మెంటు దాకా చాలావరకు చేతికి రాదన్నది మాత్రం ఒప్పుకునే అడగాలి.

ఇక మార్చుకోవడం సంగతి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి, పెన్షనరు ఏటా విధానం మార్చుకోవచ్చు. ఏప్రిల్‌లో హెచ్‌ఆర్‌కి ఏం చెప్పినా అది జీతంలో పన్ను కోత వరకే, రిటర్నులో వేరేది ఎంచుకోవచ్చు. షరతు ఒక్కటే: పాతది కావాలంటే గడువు లోపు రిటర్ను వేయాలి. మామూలుగా ఆ గడువు జూలై 31. దాటిపోతే కొత్త విధానమే గతి. ఆలస్య రుసుము 5,000 అని అందరికీ తెలుసు. మన 15 లక్షల మనిషికి ఆగస్టులో వేస్తే ఆ 5,000 కాక, పాత విధానం చేజారినందుకు ఇంకో 13,000 పైన పోతుందన్నది ఎవరూ చెప్పరు.

వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు ఇంత స్వేచ్ఛ లేదు. పాత విధానం కావాలంటే గడువు లోపు ఫారం 10-ఐఈఏ విడిగా వేయాలి. ఒకసారి పాత దానికి వెళ్లి, మళ్లీ కొత్త దానికి తిరిగి వస్తే, ఆ వ్యాపార ఆదాయం ఉన్నంత కాలం ఇక పాత దానికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ ఆడిన ఉద్యోగి ఇరుక్కునేది ఇక్కడే. నాలుగు ట్రేడ్ల వల్ల ఆయన కూడా ఈ గీత లోపలికి వచ్చేస్తాడు. ఇంటి అప్పు, అద్దె ఉన్న మనిషి పాత విధానం వాడుకుంటుంటే, ఆ ఫారం వేయకుండా రిటర్ను వేసినప్పుడు ఆ మినహాయింపులన్నీ కొట్టేస్తారు. ట్రేడింగు ఆదాయం కన్నా అలా పోయేదే ఎక్కువ కావచ్చు.

కొట్టు, వృత్తి: అంచనా లాభమా, పుస్తకాల లెక్కా

చిన్న వ్యాపారులకు సెక్షన్ 44ఏడీ ఒక సులువైన దారి. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే (నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా) పుస్తకాలు రాయనక్కర్లేదు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దానిలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపించి ఐటీఆర్-4 వేసేయవచ్చు. అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియక ముందే కట్టే పన్ను) కూడా నాలుగు వాయిదాలు లేకుండా మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. కమీషన్, బ్రోకరేజి, ఏజెన్సీ వ్యాపారాలకు ఇది లేదు. కాబట్టి ఎల్‌ఐసీ ఏజెంట్లు, స్థలాల బ్రోకర్లు ఇందులో వేయకూడదు.

ఏలూరులో ఒక కిరాణా కొట్టు టర్నోవర్ 80 లక్షలు అనుకుందాం. యూపీఐలో 50 లక్షలు, నగదులో 30 లక్షలు. అంచనా లాభం 3 లక్షలు, 2.4 లక్షలు కలిపి 5.4 లక్షలు. కొత్త విధానంలో పన్ను సున్నా. ఇక్కడితో ఆగిపోయే వ్యాపారులే ఎక్కువ. ఆయనకు నిజంగా మిగిలేది 9 లక్షలు అనుకోండి. అదే చూపించాలి, చట్టం చెప్పేదీ అదే: 6, 8 శాతాలు కనీసం, నిజమైన లాభం ఎక్కువుంటే ఎక్కువే చూపాలి. చూపించడం వల్ల పోయేదేమిటి? వ్యాపారి ఆదాయం 12 లక్షల దాకా పన్ను ఎలాగూ సున్నానే. రేపు కొట్టు పెంచడానికి అప్పు కోసం బ్యాంకుకి వెళ్తే వాళ్లు చూసేది గత రెండు మూడేళ్ల రిటర్నులే. పిల్లల విదేశీ చదువు అప్పుకీ అవే కావాలి. ఆదాయం తగ్గించి చూపే అలవాటు వెనకటి రేట్ల కాలంలో పుట్టింది. ఇప్పుడు ఆ అలవాటు మనకే నష్టం చేస్తోంది. చిన్న వ్యాపారులకు నేను గట్టిగా చెప్పాలనుకునే మాట ఇది.

44ఏడీలోనూ కట్టేసే షరతు ఒకటి దాగుంది. ఒకసారి ఇందులోకి వచ్చాక తర్వాతి ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది దీన్ని వదిలి అంతకన్నా తక్కువ లాభం చూపితే, ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ ఇందులోకి రానివ్వరు. ఆదాయం పన్ను లేని ప్రాథమిక పరిమితి దాటితే పుస్తకాలు, ఆడిట్ తప్పవు. అందుకే మార్జిన్ బాగా తక్కువ ఉండే హోల్‌సేల్ బియ్యం వ్యాపారి, ఎరువుల డీలరు మొదటి ఏడాది "ఈసారికి ఇలా వేసేద్దాం" అనుకోకూడదు. 2 శాతం మార్జిన్ మీద బతికే వ్యాపారంలో 6 శాతం చూపడం రాని లాభానికి పన్ను కట్టడమే. వాళ్లు మొదటి నుంచే పుస్తకాలు రాసుకోవడం మంచిది.

వృత్తి నిపుణులకు 44ఏడీఏ ఉంది: డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, సాంకేతిక సలహాదారులు, ఇంకొందరు. వసూళ్లు 50 లక్షల లోపు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉండాలి. సగాన్ని లాభంగా చూపితే చాలు. ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసే సాఫ్ట్‌వేర్ సలహాదారుకు దీన్ని మించింది లేదు. 18 లక్షలు వస్తే 9 లక్షలు చూపాలి, పన్ను సున్నా. ఖర్చు ఎక్కువున్నవాళ్లకు కథ వేరు. ఖమ్మంలో ఒక పళ్ల డాక్టరుకు 40 లక్షలు వస్తాయి. అద్దె, మెటీరియల్, ల్యాబ్, సిబ్బంది కలిసి 24 లక్షలు పోతాయి. నిజంగా మిగిలేది 16 లక్షలు, 44ఏడీఏలో చూపాల్సింది 20 లక్షలు. కొత్త విధానంలో తేడా సెస్సుతో 83,200. ఆడిట్ ఫీజు, పుస్తకాలు రాసే మనిషి జీతం దీనికన్నా తక్కువలో అయిపోతే పుస్తకాల దారే మేలు. 44ఏడీఏకి ఆ ఐదేళ్ల షరతు లేదు కాబట్టి ఏ ఏటి లెక్క ఆ ఏడు చూసుకోవచ్చు. బిల్లులు దాచుకునే అలవాటు లేనివాళ్లు మాత్రం ఈ లెక్క వేయడమే వృథా.

లారీలు తిప్పేవాళ్లకు 44ఏఈ విడిగా ఉంది. పది వాహనాల దాకా వాహనానికి నెలకింతని లెక్క: 12 టన్నులు దాటిన బరువు వాహనానికి టన్నుకు 1,000, మిగతావాటికి 7,500.

జీఎస్టీలో కాంపోజిషన్ ఎవరికి

ముందు రిజిస్ట్రేషన్ పరిమితి, అంటే ఏడాది టర్నోవర్ ఎంత దాటితే జీఎస్టీలో నమోదు తప్పదో. సరుకుల వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. కోదాడ వ్యాపారి జగ్గయ్యపేట బావమరిదిని అడిగి ధీమాగా ఉండకూడదు. కూరగాయల్లాంటి పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఎంత టర్నోవర్ ఉన్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న కొట్లకు నోటీసులు వెళ్లినప్పుడు ఎంతోమంది భయపడి క్యూఆర్ కోడ్‌లు పీకేశారు. దానికన్నా అమ్మకాల్లో పన్ను పడేది ఎంత, పడనిది ఎంత అని రోజువారీగా రాసుకోవడం ఎక్కువ కాపాడుతుంది.

రిజిస్టర్ అయ్యాక 1.5 కోట్ల లోపు వ్యాపారికి కాంపోజిషన్ దారి ఉంది. పన్ను పడే అమ్మకాల మీద 1 శాతం కట్టాలి, హోటళ్లు 5 శాతం. మూడు నెలలకోసారి సీఎంపీ-08, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 ఫారాలు వేయాలి. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను తిరిగి రాదు, బిల్లులో పన్ను వేయకూడదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు.

"1 శాతమే కదా" అని అందరూ దీనివైపు వెళ్తారు. లెక్క వేయండి. 80 లక్షల అమ్మకం, 10 శాతం మార్జిన్, సరుకంతా 5 శాతం పన్నుదే అనుకుంటే మామూలు పద్ధతిలో చేతి నుంచి కట్టేది 40,000. కాంపోజిషన్‌లో, కస్టమరు అదే ధర ఇచ్చాడనుకుంటే, 84,000. మామూలు పద్ధతే 44,000 మేలు. అదే సరుకు 18 శాతం పన్నుదైతే మామూలు పద్ధతిలో 1.44 లక్షలు, కాంపోజిషన్‌లో 94,400. ఇప్పుడు కాంపోజిషన్ మేలు. ఉజ్జాయింపుగా చెప్పాలంటే 5 శాతం సరుకులో మార్జిన్ 21 శాతం దాటాలి, 18 శాతం సరుకులో 6.5 దాటితే చాలు. 2025 సెప్టెంబర్ 22న రేట్లు తగ్గి చాలా సరుకులు 5 శాతంలోకి వచ్చాయి కాబట్టి, పాత లెక్కతో కాంపోజిషన్‌లో ఉన్న కిరాణా, ఫ్యాన్సీ కొట్లవాళ్లు మళ్లీ లెక్క వేసుకోవడం మంచిది. మీ దగ్గర కొనేవాళ్లలో జీఎస్టీ నంబరున్న వ్యాపారులు ఎక్కువైతే లెక్కతో పని లేదు. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకునే వీలు) ఇవ్వలేని కొట్టుని వాళ్లే వదిలేస్తారు.

కాంపోజిషన్‌లోకి రావాలంటే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే లోపే సీఎంపీ-02 ఫారం వేయాలి. మామూలు పద్ధతిలో ఉన్నా 5 కోట్ల లోపు వాళ్లు రిటర్నులు మూడు నెలలకోసారి వేసుకునే వీలుంది. నెలనెలా రిటర్నుల భయంతోనే కాంపోజిషన్ ఎంచుకున్నవాళ్లకు ఇది తెలిస్తే మనసు మారవచ్చు.

సొంతంగానా, ఆడిటరు చేతనా

ఒకే కంపెనీలో జీతం, బ్యాంకు వడ్డీ ఉన్నవాళ్లు ప్రభుత్వ పోర్టల్‌లో సొంతంగానే వేసుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు, వివరాలు చాలావరకు ముందే నిండి ఉంటాయి. ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోత పత్రం), 26ఏఎస్ (మీ పేర జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల వార్షిక నివేదిక) మూడూ పక్కన పెట్టుకుని సరిచూస్తే సరి. ఏఐఎస్‌లో మనం మర్చిపోయిన పాత బ్యాంకు ఖాతా వడ్డీ కూడా కనిపిస్తుంది. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే సమయానికి వేసినట్టు లెక్కలోకి రాదు.

విదేశీ షేర్లు, ఇల్లు లేదా స్థలం అమ్మకం, ట్రేడింగు, ఆడిట్ అవసరమైన వ్యాపారం, ఎన్‌ఆర్‌ఐ హోదా మారిన ఏడాది: వీటిలో ఏది ఉన్నా చార్టర్డ్ అకౌంటెంట్‌కి ఇచ్చే ఫీజు దండగ కాదు. అయితే ఒకటి అడిగి తెలుసుకోండి: "10-ఐఈఏ వేస్తున్నారా, 44ఏడీలో వేస్తున్నారా, ఎందుకు?" ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పేవాళ్లనే ఎంచుకోండి. పోర్టల్‌లో ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఉండాలి. ఆడిటరు నంబరు ఇచ్చేస్తే నోటీసు వచ్చినా మీకు తెలియదు.

"రిఫండ్ ఇప్పిస్తాను, వచ్చిన దానిలో ఇంత శాతం ఇవ్వండి" అనేవాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఇవ్వని విరాళాలు, కట్టని అద్దె, లేని ఇంటి అప్పు చూపించి వాళ్లు రిఫండ్ తెప్పిస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దళారుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. అప్పటికి అంతకు ముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది తమ తప్పుడు క్లెయిములు, మొత్తం 1,045 కోట్ల మేర, స్వచ్ఛందంగా వెనక్కి తీసుకున్నారని శాఖ చెప్పింది. దొరికితే ఎగవేసిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా ఉంది. అది రిటర్ను ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే పడుతుంది, కమీషన్ తీసుకున్నవాడికి కాదు.

గతంలో ఎవరి మాటో నమ్మి అలా వేయించుకున్నవాళ్లకు ఇప్పటికీ దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక నాలుగేళ్ల దాకా అప్‌డేటెడ్ రిటర్ను, అంటే ఐటీఆర్-యూ, వేయవచ్చు. కట్టాల్సిన పన్ను, వడ్డీ మీద మొదటి ఏడాదిలో అయితే 25 శాతం అదనం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. దీనితో కొత్తగా రిఫండ్ అడగలేరు, తప్పుడు క్లెయిము వెనక్కి తీసుకోగలరు. ఏడాది ఆలస్యమయ్యే కొద్దీ శాతం పెరుగుతుంది కాబట్టి, మీ పేరు మీద వేసిన పాత రిటర్నులను పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని, అందులో చూపించిన ప్రతి మినహాయింపుకూ మీ దగ్గర కాగితం ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.